తిరుగుటపాలో ఉప్పుగుడ్లు

ఏ దేశమూ తన చెత్తను ఇంకో దేశం మీద పారబోయదని మొదటే స్పష్టం చేస్తున్నాను. ధనిక దేశాలు మాకు పంపేది పాత కాగితం. దాన్ని మా పక్క ఊరి కాగితం మిల్లు దిగుమతి చేసుకుని, ఉడకబెట్టి, కొత్త కాగితం చేస్తుంది. అలా వచ్చే కాగితంలో మలినం నూటికి రెండు వంతులకు మించరాదని నిబంధన ఉంది. నిబంధన ఉంది కాబట్టి మించదు. ఆ రెండు వంతులే మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో కొబ్బరిచెట్టు మొవ్వును అందుకునే ఎత్తున ఉన్నాయి. మిగతా తొంభై ఎనిమిది వంతులు ఎంత ఎత్తుంటాయో చూసి తరిద్దామని ఒకసారి మిల్లుకు వెళ్ళాను. కాగితం నిలవ చేసే కొట్టు మా బాతుల దొడ్డికి రెండింతలు ఉంది. బహుశా కాగితం బాగా అణిగి ఉంటుంది.

మాది తూర్పు జావాలో, బ్రంతాస్ నది గట్టున కెదుంగ్‌సారి. మిల్లు తనకు అక్కరలేని రెండు వంతులను లారీలకెత్తి మాకు ఊరికే ఇస్తుంది. ఒకప్పుడు వడ్లు ఎండబోసిన కళ్ళాల్లో ఇప్పుడు మేం షాంపూ సీసాలు, పాల డబ్బాలు, బిస్కెట్ కవర్లు ఎండబోస్తాం. వడ్లకు ఉండే చీడపీడలు వీటికి లేవు. పురుగు పట్టదు, ఎలుక తినదు, వానకు మొలకెత్తదు. సీసాలు ఒక వైపు, మూతలు ఒక వైపు, మెత్తటి కవర్లు ఒక వైపు ఏరి అమ్ముకుంటాం. ఎవరూ కొననిది చివరికి వాగిమన్ టోఫు బట్టీ కిందికి పోతుంది. అది మండుతుంది, సోయా పాలు కాగుతాయి, టోఫు విరుగుతుంది, నల్లటి పొగ లేచి మా పెరట్లోకి దిగుతుంది. ఇందులో ఏదీ వృథా కాదు. దీన్ని వలయాకార ఆర్థిక వ్యవస్థ అంటారని ఒక కరపత్రం చెప్పింది (కరపత్రం కుప్పలోనే దొరికింది. అర్థం మా బడి పంతులు చెప్పాడు). అందులో గుండ్రటి బొమ్మ ఉంది. ఒక చోట ఫ్యాక్టరీ, ఒక చోట అంగడి, ఒక చోట నవ్వుతున్న కుటుంబం. కెదుంగ్‌సారి ఎక్కడుందా అని కళ్ళద్దాలు తుడుచుకుని వెతికాను. ఫ్యాక్టరీకీ కుటుంబానికీ మధ్య బాణం గుర్తు ఉన్న చోట ఉన్నాం.

ఈ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదు ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు నేనూ ఏరాను. ఇంటి పైకప్పు పెంకులు ఆ సీసాలు వేసినవే. చిక్కు వచ్చింది నా మనవరాలు వెనింగ్ ఊపిరితో.

వెనింగ్‌కు ఆరేళ్ళు. నోరు ఊరంత, ఛాతీ పిచ్చుకంత. పరిగెత్తితే పిల్లనగ్రోవి ఊదినట్టు ఈల వస్తుంది. ఆరోగ్య కేంద్రంలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గొట్టం పెట్టి విన్నది, వీపు తట్టింది, మళ్ళీ విన్నది.

"మీ ఇల్లెక్కడవ్వా?"

"కుప్ప పక్కన."

"బట్టీ?"

"కుప్పకి అటుపక్క."

డాక్టరమ్మ మందుల చీటీ రాయబోయి కలం పక్కన పెట్టింది. "అవ్వా, నేను మందిస్తాను. ఇంటికి పోయి ఈ పిల్ల మళ్ళీ అదే పొగ పీలుస్తుంది. వానలు పడితే పొగ పైకి లేవదు, ఇంట్లోనే కూర్చుంటుంది. ఈసారి వానాకాలం ఈ పిల్ల తట్టుకోలేదు. వానల్లోగా ఆ కుప్పన్నా కదలాలి, లేదా ఈ పిల్లన్నా కదలాలి."

"పిల్లెక్కడికి కదులుతుందమ్మా?"

"చుట్టాలెవరూ లేరా?"

ఉన్నారు. పిల్ల తండ్రి ఎప్పుడో పోయాడు గానీ అతని అక్క పచితాన్‌లో, సముద్రపు ఒడ్డున ఉంది. మంచి మనిషి. బస్సులో ఒక పగలంతా ప్రయాణం. కానీ నాకు మనుషులను పంపడం చేతకాదు. నా మొగుడు సుమత్రాలో తోట పనికి, మూడు నెలల్లో వస్తానని వెళ్ళాడు. మూట గట్టిగా కట్టానో లేదో అని ముప్ఫై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. కూతురు మురియాతి తైవాన్‌లో ఒక ముసలాయన్ను చూసుకునే పనికి వెళ్ళింది. దాన్ని ఎగుమతి చేయడానికి ఊపిరితిత్తుల ఫొటో, రక్తం, మూత్రం, పళ్ళు, ఆరు నెలల శిక్షణ, పోలీసు ధ్రువపత్రం, నా వేలిముద్రలు, పొరుగింటివాళ్ళ సాక్షి సంతకాలు కావలసి వచ్చాయి. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చ కనిపిస్తే వెనక్కి పంపేస్తారన్నారు. (అది వెళ్ళిన వారమే మా ఓడరేవుకు వచ్చిన నాలుగు వందల పెట్టెల పాత కాగితాన్ని ఎవరూ నోరు తెరవమనలేదు.)

అందుచేత పిల్లను కాకుండా కుప్పను కదిలించడానికే నిశ్చయించుకున్నాను.

మొదట వాగిమన్‌ను అడిగాను. చెడ్డవాడు కాదు. రోజూ పొద్దున వెనింగ్‌కు వేడి టోఫు ముక్క ఆకులో పెట్టి గోడ మీంచి అందిస్తాడు.

"నేనేమన్నా సరదాకి కాలుస్తున్నానా అవ్వా? ఊక తెచ్చుకుంటే టోఫు ధర పెంచాలి. పెంచితే ఎవరు కొంటారు? ఇది గుమ్మంలోకొచ్చి పడుతోంది. ఆ కుప్ప లేకుండా చెయ్యి, రేపటి నుంచి ఊకే కాలుస్తా. ఒట్టు."

పక్కింటి పొనిమాకు ఈ ఆలోచన నచ్చలేదు. ఆమెదీ నాదీ నలభై ఏళ్ళ స్నేహం. అందులో ముప్ఫై ఏళ్ళు పోట్లాటే.

"కుప్ప పంపించేస్తావా వదినా? మరి మేమేం ఏరుకోవాలి, ఒకళ్ళ తలలో ఒకళ్ళం పేలా?"

"నీ తలలో ఉన్నాయిగా కావలసినన్ని."

"నా తల సంగతి సరే, అంత పెద్ద కుప్ప ఎవరు మోస్తారు? నీ బాతులా?"

"తెచ్చినవాళ్ళే తీసుకుపోతారు. దానికో ఆఫీసుందట."

నిజంగానే ఉంది. విదేశీ అవశేషాల తిరుగుటపా ఉపకార్యాలయం అని జిల్లా కేంద్రంలో, చేపల మార్కెట్ మేడ మీద, రెండు గదులు. విదేశాల నుంచి పొరపాటున వచ్చిన వస్తువులను సొంతదారులకు తిరిగి పంపడం దాని పని. పుట్టి నాలుగేళ్ళయినా ఒక్క వస్తువును కూడా తిరిగి పంపలేదు. పొరపాట్లు జరగడం లేదనడానికి దీనిని మించిన రుజువు ఉండదు. అధికారి పాక్ కుంచొరో. (పాక్ అనేది అయ్యగారు అనడంలాంటిది. కుర్చీ ఉన్నవాళ్ళందరికీ వాడతాం.) సన్నగా, మర్యాదగా ఉంటాడు. ఉత్తచేతులతో పోవడం ఏం బాగుంటుందని మా బాతులు పెట్టిన ఉప్పుగుడ్లు ఆరు తీసుకెళ్ళాను. గుడ్డును ఉప్పు కలిపిన ఇటుకపొడి ముద్దలో పదిహేను రోజులు పెట్టి ఉడకబెడితే పచ్చసొన నూనె కారుతుంది. నా గుడ్లకు ఊళ్ళో పేరుంది. వెనింగ్ రోజూ ఒకటి తింటుంది.

ఆయన ఒకటి అక్కడే ఒలుచుకుని తిన్నాడు. "ఇంత రుచి గుడ్డు మా ఆఫీసు చరిత్రలో లేదవ్వా," అన్నాడు. తర్వాత ఫారం తీశాడు. "పంపినవారి పేరు, చిరునామా కావాలి. అవి లేకపోతే ఎవరికని తిరిగి పంపుతాం?"

"పంపింది ఫలానా దేశం కదయ్యా."

"దేశం అంటే చిరునామా కాదవ్వా. వీధి ఉండాలి, ఇంటి నంబరుండాలి. ఒక్కో వస్తువుకీ ఒక్కో ఫారం. మూడు ప్రతులు." కొంచెం ఆగి అడిగాడు. "చదవడం వచ్చా మీకు?"

"వచ్చు."

"ఎంతవరకు చదువుకున్నారు?"

"షాంపూ సీసాల దాకా. పోయినేడాది మందుల డబ్బాలు మొదలుపెట్టాను."

ఆయన నవ్వలేదు. నవ్వడానికి ఫారంలో చోటు లేదు. నాలుగు వందల ఫారాలు కట్ట కట్టి ఇచ్చాడు. అవి నింపి తెస్తే నమూనాగా ఒక పెట్టె, అంటే ఓడలో పోయే ఇనుప పెట్టె, తిరిగి పంపడానికి పైవాళ్ళను అడుగుతానన్నాడు. ఒకటి వెళ్తే దాని వెనక మిగతావన్నీ వెళ్తాయన్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరూ నింపి తేలేదు కాబట్టి ఇప్పుడూ తేరని ఆయన నమ్మకం.

అక్కడే ఆయన పొరపడ్డాడు. మా ఊరి ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేసేది ఏరడమే. ఇంతకాలం సీసాలు ఏరాం, ఇప్పుడు చిరునామాలు ఏరాం. ఆ దేశంలో వస్తువులన్నీ ఇంటికే వస్తాయి. ప్రతి సంచి మీదా పేరు, వీధి, ఇంటి నంబరు అతికించి ఉంటాయి. పొనిమా మొదట మూతి తిప్పుకుంది, రెండో రోజుకు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

"నాకు మళ్ళీ ఆవిడే దొరికింది వదినా. డోరతీ ప్లంకెట్."

"ఏం తెప్పించుకుందీసారి?"

"పిల్లి తిండి. ఈ నెలలో ఇది తొమ్మిదోది. పిల్లులెన్నో, మనుషులు మాత్రం లేరు పాపం. అన్నం ఒక్కరికే తెప్పించుకుంటుంది, చూడు, ఎప్పుడూ చిన్న డబ్బానే."

"మోకాలి పట్టీ కూడా ఉంది."

"ఏ కాలు?"

"ఎడమ."

"నాకూ ఎడమే." పొనిమా తన మోకాలు రుద్దుకుంది.

నెల తిరిగేసరికి మూడు వందల తొంభై ఆరు చిరునామాలు పూర్తయ్యాయి. వాటిలో అరవై పైన డోరతీ ప్లంకెట్ గారివే. ఆవిడ పుట్టినరోజు ఏ నెలలోనో మాకు తెలుసు. ఆవిడకు తీపి పడదని తెలుసు. చలికాలంలో ఒక్కతే కూర్చుని బొమ్మ ముక్కలు కలిపే ఆట ఆడుతుందని తెలుసు (ఒక ముక్క పోయిందని తెలుసు. ఆ ముక్క మా దగ్గరే ఉంది). సొంత వదినగారి గురించి కూడా పొనిమాకు ఇంత తెలియదు.

ఫారాలు బల్ల మీద పెట్టినప్పుడు పాక్ కుంచొరో లేచి నిలబడ్డాడు. తన ఉద్యోగంలో ఇలాంటి ప్రమాదం రాగలదని ఆయన ఊహించలేదు. కాగితాలు పైకి వెళ్ళాయి, ఇంకా పైకి వెళ్ళాయి, ఎక్కడా ఒక తప్పు దొరకక కిందికి వచ్చాయి. నమూనా తిరుగుటపాకు అనుమతి వచ్చింది. వానలకు ఇంకా మూడు నెలలు ఉంది. ఆ రాత్రి మాత్రం నేను నిద్రపోయాను.

పెట్టె బయలుదేరే రోజు పండగలా జరిగింది. నీలం రంగు ఇనుప పెట్టెను లారీ మీద తెచ్చి కుప్ప ముందు నిలిపారు. కుర్రాళ్ళు పారలతో నింపారు. కుప్ప ఒక పక్క కొద్దిగా తరిగి, అటువైపు వరిచేను ఆకుపచ్చగా కనిపించింది. వెనింగ్ ఆ సందులోంచి అటూ ఇటూ నడిచి వచ్చి "అవ్వా, పొలం ఇక్కడే ఉందా" అని అడిగింది. అది పుట్టినప్పటి నుంచీ పొలం అక్కడే ఉంది.

పాక్ కుంచొరో ఉపన్యాసం చెప్పాడు. ఫొటోగ్రాఫర్ ఇంకా రాలేదని పెట్టె తలుపులు తెరిచే ఉంచారు. అప్పుడు పొనిమా నా మోచెయ్యి గిల్లింది.

"వదినా, ఇలాగే పంపేస్తామా?"

"ఇలాగే అంటే?"

"ఇరుగింటామె గిన్నె తిరిగి ఇస్తున్నాం. ఉత్త గిన్నె ఇస్తామా? ఆవిడ సామాను ఆవిడకే పంపేసి, మన తరఫున ఒక్క ముక్కా పెట్టకపోతే కెదుంగ్‌సారి ఆడవాళ్ళకి ఇంగితం లేదనుకోదూ?"

మా వైపు పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో అరటిపండో అప్పడమో, ఏదీ లేకపోతే చిటికెడు పంచదారో వేసి ఇస్తాం. ఉత్త గిన్నె చేతికిస్తే ఇక మీ గుమ్మం తొక్కం అని చెప్పినట్టు. డోరతీ ప్లంకెట్ గారి గుమ్మం మేం తొక్కేది లేదు, నిజమే. కానీ ఆవిడకు ఆ సంగతి అలా చెప్పడం ఏం మర్యాద?

"అంత దూరం పాడవకుండా ఉండాలి," అన్నాను.

"నీ ఉప్పుగుడ్లున్నాయిగా. తీపి కూడా కాదు."

నలభై ఉప్పుగుడ్లు ఊక నింపిన వెదురుబుట్టలో పేర్చాం. ఇంకొకామె ఎండు బియ్యపు అప్పడాలు తెచ్చింది. తన టోఫు అంత దూరం నిలవదని వాగిమన్ చాలా నొచ్చుకున్నాడు. బుట్టలో ఆ బొమ్మ ముక్క కూడా పెట్టి, నేను చీటీ రాశాను. "డోరతీ అక్కగారికి, మీ వస్తువులు భద్రంగా పంపుతున్నాం. గుడ్లు మా బాతులవే. ఈ కుప్ప మీద తిరిగి పెరిగిన బాతులు, చాలా బలం. మీ మోకాలు జాగ్రత్త. ఇట్లు తుమీరా, కెదుంగ్‌సారి." నా పేరు కింద ఊరు పేరు స్పష్టంగా రాశాను. చిరునామా లేకపోతే ఎంత ఇబ్బందో తెలిసినదాన్ని కదా.

తలుపులు మూశారు. ముద్ర వేశారు. లారీ కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేను చెయ్యి ఊపాను. పోయేది చెత్త అయినా సరే, పోతుంటే చెయ్యి దానంతటది లేస్తుంది.

తొమ్మిది వారాల తర్వాత ఆఫీసు నుంచి కబురు వచ్చింది. పొనిమా కూడా వచ్చింది, డోరతీ గారు జాబు రాసి ఉంటుందని. జాబు రాసింది డోరతీ గారు కాదు, ఆ దేశపు ప్రభుత్వం. నలభై ఒక్క పేజీలు. పాక్ కుంచొరో కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు.

ఆ దేశపు రేవులో ప్రతి పెట్టెనూ తెరిచి చూస్తారు. తమ ప్రజల ఆరోగ్యం మీద వాళ్ళకు అంత శ్రద్ధ. చెత్త గురించి వాళ్ళకు అభ్యంతరం లేదు. అది తమదేనని గుర్తుపట్టారు కూడా. కానీ పైన బుట్ట ఉంది. ముందుగా తెలపని ఆహారపదార్థం అని దానిని పరీక్షశాలకు పంపారు. గుడ్లలో, ప్లాస్టిక్ కాలిస్తే పుట్టే విషం ఒకటి, వాళ్ళ పరిమితికి ముప్ఫై ఎనిమిది రెట్లు ఉంది.

"ముప్ఫై ఎనిమిది అంటే ఎక్కువా?" అని పొనిమా అడిగింది.

"ఒకటి దాటితేనే ఎక్కువమ్మా."

గుడ్లు విషపూరితం కాబట్టి, గుడ్లున్న పెట్టె విషపూరితం. పెట్టె విషపూరితం కాబట్టి అందులోని సరుకంతా ప్రమాదకర వ్యర్థం. ఒక దేశం తన ప్రమాదకర వ్యర్థాన్ని ఇంకో దేశానికి పంపడం అన్యాయమని వాళ్ళు చాలా కాలంగా నమ్ముతున్నారు. కనుక పెట్టెను వెనక్కి పంపేశారు. పుట్టిన చోటు అనే గడిలో, నా చీటీ చూసి, కెదుంగ్‌సారి అని రాశారు. మా ప్రాంతంలో పరిశుభ్రత పట్ల తీవ్ర ఆందోళన తెలిపారు. చెత్తను ఏరడం ఎలా అనే విషయం మీద మాకు రెండు రోజుల శిక్షణ ఇప్పించడానికి సుముఖంగా ఉన్నారు. శిక్షణ పుస్తకం జతచేశారు. అది మంచి దళసరి కాగితం, ప్లాస్టిక్ కవరులో.

"అయ్యా," అన్నాను, "ముప్ఫై ఎనిమిది రెట్లు వాళ్ళ పరిమితికి. మన దేశం పరిమితికి ఎన్ని రెట్లు?"

పాక్ కుంచొరో ఒక లావుపాటి పుస్తకం తిరగేశాడు. "బాతుగుడ్లలో ఈ విషానికి మన దగ్గర పరిమితి ఇంకా పెట్టలేదవ్వా. పరిమితి లేదు కాబట్టి మించడమన్నది ఉండదు. మన నిబంధనల ప్రకారం మీ గుడ్లు శుభ్రమైనవే."

"అయితే పిల్లకి పెట్టొచ్చా?"

"నిబంధనల ప్రకారం పెట్టొచ్చు."

"మీరైతే పెడతారా?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నాకు తెచ్చిచ్చారే, ఆరు... అవి కూడా ఆ బాతులవేనా?"

"మాకు వేరే బాతుల్లేవయ్యా."

ప్రభుత్వం కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది. కింద చేపల బేరాలు వినిపించాయి. పొనిమా జాలిపడి, "ఆరే కదా పాక్, ఏం కాదులెండి. మేమైతే పుట్టినప్పట్నుంచీ తింటున్నాం" అని ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం ఆయనకు అందినట్టు కనిపించలేదు.

నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను. పొగ వాగిమన్‌ది, కుప్ప మిల్లుది, కాగితం డోరతీ గారిది. కానీ పొద్దున్నే పొయ్యి ముందు కూర్చోబెట్టి, గుడ్డు ఒలిచి, "పచ్చసొన వదిలిపెట్టకు, బలం" అని వెనింగ్ నోట్లో పెట్టింది నేను. పళ్ళు వచ్చినప్పటి నుంచీ.

పెట్టె మాకే వచ్చింది. తెచ్చిన లారీ డ్రైవరు చెత్తను కుప్ప మీద గుమ్మరించి, రసీదు మీద నా సంతకం తీసుకున్నాడు. కుప్పకు అవతల కనిపించిన పొలం మళ్ళీ కనిపించకుండా పోయింది. ఒక్కటే మార్పు. ఇంతకుముందు అది వాళ్ళ చెత్త, మా దగ్గర ఉండేది. ఇప్పుడు మా చెత్త, పుట్టిన చోటే ఉంది. దేశీయ ఉత్పత్తిని తిరిగి పంపే అధికారం తిరుగుటపా ఉపకార్యాలయానికి లేదు. నమూనా పెట్టెకు వాడిన ఒక్కటి పోగా మిగిలిన మూడు వందల తొంభై అయిదు ఫారాలను మర్యాదగా మాకు వాపసు ఇచ్చారు. (వాగిమన్ వాటిని బట్టీలో వేశాడు. కాగితం పొగ తెల్లగా వస్తుందని మొదటిసారి చూశాం.) కెదుంగ్‌సారి ప్రమాదకర ప్రాంతంగా నమోదైంది గనుక మా గుడ్లు, మా అప్పడాలు, మా టోఫు జిల్లా దాటకూడదని ఉత్తరువు వచ్చింది. లోపలికి వచ్చే వాటికి ఉత్తరువు ఏమీ లేదు. మిల్లు లారీలు యథావిధిగా వస్తున్నాయి, డోరతీ గారు కొత్త బొమ్మ ముక్కల ఆట తెప్పించుకుంది.

వాన మొదలైన నాలుగో రోజు వెనింగ్ మెట్ల మీద కూర్చుండిపోయింది, పైకి రాలేక. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. అది నేరేళ్ళ కాలం కాదు. డాక్టరమ్మ మళ్ళీ విన్నది. గొట్టం చెవుల నుంచి తీసి నా మొహం చూసింది, అంతే. పచితాన్‌కు ఫోన్ చేశాను. తైవాన్‌కు కూడా చేశాను. మురియాతి ఎత్తింది. ముసలాయన దగ్గు వినిపిస్తోంది, ఇది ఆయన వీపు రాస్తున్నట్టుంది.

"అమ్మా, నువ్వు గుడ్లు పెట్టడం మానేశావా?"

"మానేశాను."

"నువ్వు తింటున్నావా?"

"ఉన్నవి పారేయలేం కదే."

"పారేయమ్మా."

"ఎక్కడ పారేయను?" అన్నాను. అప్పుడే ముసలాయన పిలిచాడు, అది ఫోన్ పెట్టేసింది.

ప్రయాణానికి ముందు రోజు పిల్ల మూట కడుతుంటే అది నా ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టింది.

"అవ్వా, పచితాన్‌లో కుప్ప ఉందా?"

"లేదు."

"మరి అత్తయ్యా వాళ్ళు ఏం ఏరతారు?"

"గవ్వలు."

"గవ్వలెవరు పంపిస్తారు?"

"సముద్రం పంపిస్తుంది."

"వాళ్ళు తిరిగి పంపేస్తారా?"

"లేదు. గవ్వలుగా, ఉంచుకుంటారు."

అది కాసేపు ఆలోచించింది. "నువ్వు కూడా రా. నువ్వు బాగా ఏరతావుగా."

బాతులను ఎవరు చూస్తారు అన్నాను. పొనిమాత్త చూస్తుందంది. పొనిమాత్త బాతులను తిడుతుంది అన్నాను. అది ఒప్పుకుంది. అత్తయ్య ఇంట్లో ఒక్క మనిషికే చోటుందని, నాకిప్పటికే దగ్గు పాతబడిపోయిందని దానికి చెప్పలేదు. మూటకు మూడు ముళ్ళు వేశాను. విప్పి మళ్ళీ వేశాను.

"అవ్వా, గట్టిగానే ఉంది," అంది వెనింగ్.

పచితాన్ బడిలో చేర్చాలంటే మా బడి నుంచి విడుదల పత్రం కావాలన్నారు. పొద్దున్నే వెళ్ళాను. గుమాస్తా ఎందాహ్ నాకు తెలిసిన పిల్లే, దాని తల్లీ నేనూ ఒకే కళ్ళంలో ఏరాం. ఫారం ఇచ్చింది. నింపడంలో నాకిప్పుడు ఊళ్ళో పోటీ లేదు. పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను, తరగతి రాశాను. విద్యార్థి ఊరు విడిచి వెళ్ళడానికి కారణం అని ఒక గడి ఉంది. చాలాసేపు ఆలోచించి, స్పష్టంగా, దిగుమతులు అని రాశాను.

ఎందాహ్ చదివింది. మళ్ళీ చదివింది. "ఇలా రాయకూడదవ్వా. కంప్యూటర్ తీసుకోదు."

"మరేం రాయాలి?"

"తల్లిదండ్రుల ఉద్యోగ బదిలీ అని రాయొచ్చు. కుటుంబ కారణాలు అని రాయొచ్చు. ఆ రెండే ఉన్నాయి."

"బదిలీ కాలేదు కదమ్మా."

"అయితే రెండోదే," అని ఆ పిల్ల నా మాటను స్కేలు పెట్టి నీటుగా కొట్టేసింది. పైన కుటుంబ కారణాలు అని రాసి, ముద్ర కొట్టి, నా వైపు తిప్పింది. వెనింగ్ కెదుంగ్‌సారి విడిచి వెళ్ళడానికి కారణం దాని కుటుంబమేనని ఇప్పుడు ప్రభుత్వ రికార్డులో ఉంది. కింద సంతకం నాది.